గ్రంథుల జ్వరమా, మందు దోషమా?

1940వ దశకం చివరి సంవత్సరాలలో తూర్పు నైజీరియాలోని ఉజువాకోలి వద్ద మెథడిస్టు మిషన్ వారి కుష్ఠు నివాసం ఒకటి ఉండేది. అక్కడ జాన్ లోవ్ అనే బ్రిటిష్ వైద్యుడు, స్మిత్ అనే సహచరునితో కలసి, డాప్సోన్ అనే మందును నోటి ద్వారా ఇచ్చి పరీక్షిస్తున్నాడు. మందు బాగా పనిచేస్తున్నది. కాని కొద్దిమంది రోగులలో ఒక వింత పరిణామం కనిపించింది. మందు మొదలుపెట్టిన నాలుగైదు వారాల వరకు వారికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆ పిమ్మట హఠాత్తుగా తీవ్రమైన జ్వరం వస్తుంది. ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. మెడలోను, చంకలలోను, గజ్జలలోను బిళ్ళలు కడతాయి. కాలేయం పెరుగుతుంది, కళ్ళు పచ్చబడతాయి. కొందరు కోలుకుంటారు, కొందరు మరణిస్తారు.

1949లో లోవ్, స్మిత్ తమ అనుభవాలను ప్రకటించినప్పుడు ఈ స్థితిని గ్రంథుల జ్వరంతో పోల్చారు. గ్రంథుల జ్వరమంటే ఐరోపా వైద్యులు 19వ శతాబ్ది చివరి నుండి ఎరిగిన ఒక అంటురోగం. యువకులకు వస్తుంది, మెడలో బిళ్ళలు కడతాయి, రక్తంలో ఒక జాతి తెల్లకణాలు పెరుగుతాయి, కొన్ని వారాలలో తగ్గిపోతుంది. దాని కారణం 1949లో ఎవరికీ తెలియదు. ఉజువాకోలి రోగులకు వచ్చినది ఆ అంటురోగం కాదనీ, మందు వల్ల వచ్చిన కీడేననీ అక్కడి వైద్యులు గ్రహించారు. అయినప్పటికీ చూచిన పోలికను చూచినట్లుగానే వ్రాసిపెట్టారు. మందు వల్ల పుట్టిన రోగం అంటురోగంలా ఎందుకు కనిపించాలి? ఈ ప్రశ్నకు సమాధానం మొదలు కావడానికి దాదాపు 50 సంవత్సరాలు పట్టింది.

లోవ్ తెలుగునేలకు కొత్తవాడు కాడు. నైజీరియాకు వెళ్ళడానికి చాలా ముందు ఆయన నిజాం సంస్థానంలోని డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిలో పనిచేశాడు, ఆ పిమ్మట కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో పరిశోధన చేశాడు. డిచ్‌పల్లి ఆస్పత్రిని 1915లో ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు నెలకొల్పారు. నిజామాబాదు ప్రాంతపు దాత నర్సాగౌడ్ విరాళమూ, నిజాం ప్రభుత్వ సహాయమూ దానికి అండగా నిలిచాయి. క్రైస్తవ మిషనరీలు, హిందూ దాత, ముస్లిం పాలకుడు కలసి నడిపిన ఆ సంస్థలో ఆనాడు ఉన్న ఔషధం ఒక్కటే: చాల్ముగ్ర నూనె. ఆ నూనెను సూదుల ద్వారా ఒంటిలోకి ఎక్కించేవారు. సూది పడినచోట వాపు, నొప్పి. వారం వారం, ఏళ్ళ తరబడి ఈ చికిత్స సాగేది. ఫలితం మాత్రం అంతంత మాత్రమే.

కుష్ఠు రోగుల పట్ల రాజ్యానికి బాధ్యత ఉన్నదన్న భావన ముస్లిం చరిత్రకు కొత్తది కాదు. ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ హిజ్రీ 88లో (క్రీ.శ. 707) కుష్ఠు రోగులకు బైతుల్‌మాల్ నుండి భృతి ఏర్పరచి, వారిని భిక్షాటన చేయవద్దన్నాడనీ, అంధులకు చేయి పట్టి నడిపించేవారిని, వికలాంగులకు సేవకులను నియమించాడనీ చరిత్రకారులు పేర్కొన్నారు. కాని భృతి అన్నం పెడుతుంది, రోగాన్ని నయం చేయదు. కుష్ఠు నయమయ్యే రోగమని మానవజాతి నమ్మగలిగింది 20వ శతాబ్దపు నడిమి కాలంలోనే. ఆ నమ్మకానికి ఆధారం సల్ఫోన్ మందులు, ముఖ్యంగా డాప్సోన్.

డాప్సోన్ పుట్టుక విచిత్రమైనది. 1908లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఫ్రోమ్, విట్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు రంగుల పరిశ్రమకు సంబంధించిన రసాయన విద్యలో భాగంగా దీనిని తయారుచేశారు. మందుగా పనికివస్తుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. 1937లో ఇంగ్లండు, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు దీనికి సూక్ష్మజీవులను అణచే శక్తి ఉన్నదని కనుగొన్నారు గాని, ఎక్కువ మోతాదులలో ఇచ్చి విషమని భయపడ్డారు. 1941లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రిలో ఫాజెట్ అనే వైద్యుడు దీని నుండి తయారైన ప్రోమిన్ అనే మందును నరాలలోకి ఎక్కించి మేలు సాధించాడు. అది ఖరీదైనది, రోజూ సూది కావాలి. మదరాసు రాష్ట్రంలోని చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ అసలు డాప్సోన్‌నే నూనెలో కలిపి సూదిగా ఇచ్చి చూచాడు. ఆ తర్వాత ఉజువాకోలిలో లోవ్ దానిని మాత్రగా, తక్కువ మోతాదులో ఇచ్చాడు. అంతటితో కుష్ఠు వైద్యం గోడల మధ్య నుండి పల్లెటూరి గుడిసె వాకిట్లోకి వచ్చింది. అందువల్ల ఉజువాకోలి వైద్యుల ఇరకాటం చిన్నది కాదు. చేతికందిన మందు లక్షలమందికి విముక్తి నిచ్చేది. అదే మందు ఎవరినో కొందరిని, ముందుగా ఏ గుర్తూ చూపకుండా, ఐదవ వారంలో బలిగొనేది.

1951లో ఆల్‌డే, బార్న్స్ అనే వైద్యులు ఈ స్థితికి మందు రసాయననామంలోని తొలి అక్షరాలతో ఒక పేరు పెట్టారు. అది నేడు డాప్సోన్ సిండ్రోమ్ అని వ్యవహారంలో ఉన్నది. పేరు పెట్టడం తేలిక, నిర్ణయించడం కష్టం. కుష్ఠు రోగంలోనే అప్పుడప్పుడు జ్వరంతో, వాపులతో కూడిన ఉద్రేక స్థితులు వస్తాయి. రోగి జ్వరంతో వణుకుతూ వచ్చినప్పుడు ఇది అసలు రోగం తాలూకు ఉద్రేకమా, కొత్తగా అంటిన మరో రోగమా, లేక మందు దోషమా? మొదటిదైతే మందు మానరాదు. మూడవదైతే ఒక్క మాత్ర కూడా ఇవ్వరాదు. నిర్ణయం తప్పితే ప్రాణం పోతుంది.

ఈ చిక్కును పూర్వ వైద్యులు ఎరుగుదురు. ఇబ్నె సీనా (మరణం క్రీ.శ. 1037) తన 'అల్ ఖానూన్' రెండవ సంపుటంలో మందును పరీక్షించడానికి ఏడు నియమాలు చెప్పాడు. మందులో పరాయి గుణం కలిసి ఉండరాదు, మిశ్రమ రోగం మీద కాక ఏకరోగం మీద పరీక్షించాలి, అది పనిచేసిన వేళను గమనించాలి, ఫలితం ఎల్లప్పుడూ లేదా అధికంగా అదే రావాలి, పరీక్ష మానవ శరీరం మీదనే జరగాలి — ఇవి వాటిలో ముఖ్యమైనవి. మందు సహజగుణం వెంటనే కనిపిస్తుందనీ, ఆలస్యంగా కనిపించేది తరచు యాదృచ్ఛికమనీ ఆయన అభిప్రాయం. డాప్సోన్ కీడును ఈ కొలతతో కొలిస్తే తప్పించుకొనిపోతుంది. నాలుగు వారాలు మౌనంగా ఉన్న మందును ఎవరు అనుమానిస్తారు? మరోవైపు, ఫలితం పదే పదే అదే రావాలన్న నియమమే ఉజువాకోలిలో మందును పట్టిచ్చింది. ఒక్కరికి వస్తే యాదృచ్ఛికం. అదే వారంలో, అదే క్రమంలో, ఒకరి తర్వాత ఒకరికి వస్తే కాదు.

రోగలక్షణాల పోలికలనూ భేదాలనూ పట్టుకోవడంలో రాజీ (మరణం క్రీ.శ. 925 ప్రాంతం) పేరు తలవకుండా ఉండలేము. మశూచికం, తట్టు గురించి ఆయన వ్రాసిన చిన్న గ్రంథం ఆ రెండింటినీ విడదీసి వివరించిన తొలి ప్రత్యేక గ్రంథంగా ప్రసిద్ధి. వెన్నునొప్పి మశూచికంలో ఎక్కువ, ఆందోళన, వికారం తట్టులో ఎక్కువ అని ఆయన గమనించాడు. కారణం గురించి ఆయన చెప్పినది నేడు నిలువదు. బాల్యపు రక్తం ద్రాక్షరసంలా పులిసి, పొంగి, పక్వమయ్యే క్రమంలో మశూచికం బయటపడుతుందని ఆయన భావించాడు. పుట్టుకతోనే ఒంటిలో ఉన్న ఏదో పదార్థం సమయం వచ్చినప్పుడు పొంగుతుందన్న ఈ మాటను చూపి, నిద్రాణమైన వైరస్‌ను ముస్లిం వైద్యులు వెయ్యేళ్ళ క్రితమే కనిపెట్టారని చాటే ధోరణి కొందరిలో ఉన్నది. అది రాజీకి గౌరవం కాదు. ఆయన గొప్పతనం సిద్ధాంతంలో లేదు, మంచం ప్రక్కన కూర్చుని చూచిన చూపులో ఉన్నది. సిద్ధాంతం కూలిపోయినా ఆ పరిశీలన నిలిచింది.

నిద్రాణమైన వైరస్ అన్న భావన స్థిరపడడానికి చాలా కాలం పట్టింది. చిన్నతనంలో ఆటలమ్మ పోసినవారికి ముసలితనంలో ఒంటికి ఒక ప్రక్క పట్టీలాగా సర్పి లేవడం అందరూ ఎరిగినదే. ఇవి రెండూ ఒకే వైరస్ వల్ల వస్తాయనీ, ఆటలమ్మ తగ్గిన తర్వాత ఆ వైరస్ నాడీ గ్రంథులలో దాగి, శరీర రక్షణశక్తి సన్నగిల్లినప్పుడు తిరిగి లేస్తుందనీ వివరించి 1965లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినవాడు హోప్-సింప్సన్. ఆయన పెద్ద ప్రయోగశాలల శాస్త్రజ్ఞుడు కాడు, ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణపు వైద్యుడు. తన రోగుల వివరాలను ఏళ్ళ తరబడి పుస్తకంలో వ్రాసుకున్నాడు.

దాదాపు అదే కాలంలో గ్రంథుల జ్వరపు రహస్యం విడింది. 1964లో లండనులో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ అనేవారు ఆఫ్రికా పిల్లలకు వచ్చే ఒక దవడ కాన్సరు కణాలలో కొత్త హెర్పీస్ జాతి వైరస్‌ను చూచారు. 1968లో అమెరికాలో హెన్లె దంపతులు, తమ ప్రయోగశాలలోని ఒక ఉద్యోగిని గ్రంథుల జ్వరంతో పడక పట్టినప్పుడు ఆమె రక్తాన్ని పరీక్షించి, ఆ జ్వరానికి ఈ వైరస్సే కారణమని తేల్చారు. అంతకు ముందు సంవత్సరం మరో విశేషం వెలుగు చూచింది. గ్రంథుల జ్వరం ఉన్నవారికి ఆంపిసిలిన్ ఇస్తే వారిలో అధికసంఖ్యాకులకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తున్నాయి. రోగం తగ్గిన తర్వాత అదే మందు వారికి తరచు పడుతుంది కూడా. అంటే వైరస్ మేల్కొని ఉన్న శరీరం మందును ఒక రకంగానూ, నిద్రపోతున్న శరీరం మరో రకంగానూ స్వీకరిస్తున్నదన్నమాట. మందుకూ వైరస్‌కూ మధ్య ఏదో లావాదేవీ ఉన్నదని ఇది చెప్పకనే చెప్పింది. అయినా ఉజువాకోలి జ్వరాన్ని ఎవరూ దీనితో కలిపి చూడలేదు.

మూర్ఛ వ్యాధికి 1938 నుండి వాడుకలోకి వచ్చిన ఫెనిటాయిన్ కూడా కొందరిలో ఇదే రూపం చూపింది: కొన్ని వారాల ఆలస్యం, జ్వరం, దద్దుర్లు, బిళ్ళలు, కాలేయపు వాపు. 1959లో అమెరికన్ వైద్యులు ఇద్దరు ఆ బిళ్ళలను కోసి సూక్ష్మదర్శినిలో చూచి, అవి కాన్సరును ఎంతగా పోలి ఉన్నాయో వర్ణించారు. మందు ఆపితే కరిగిపోయే బిళ్ళను కాన్సరని పొరబడే ప్రమాదం వచ్చింది. ఇక్కడ కూడా మందు దోషం మరో రోగం వేషం వేసుకున్నది. కుష్ఠు వైద్యులు తమ పత్రికలలో, మూర్ఛ వైద్యులు తమ పత్రికలలో, చర్మ వైద్యులు తమ పత్రికలలో ఒకే కథను వేరు వేరు పేర్లతో వ్రాసుకుంటూ వచ్చారు.

1986లో ముడి విడే సూచన కనిపించింది. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో సయ్యద్ జకీ సలాహుద్దీన్, ఆయన సహచరులు రక్తరోగులు కొందరి తెల్లకణాలలో ఇంతవరకు ఎరుగని హెర్పీస్ జాతి వైరస్‌ను కనుగొని 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. మానవులకు సోకే హెర్పీస్ వైరస్‌లలో ఇది ఆరవది. ఇది ఏ రోగం తెస్తుందో అప్పటికి తెలియదు. 1988లో జపాను పరిశోధకులు తేల్చారు: పసిపిల్లలకు మూడు నాలుగు రోజులు జ్వరం కాసి, జ్వరం తగ్గగానే గులాబిరంగు దద్దుర్లు లేచే సాధారణ రోగానికి కారణం ఇదే. రెండు మూడు ఏళ్ళు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ ఇది సోకుతుంది. ఆ తర్వాత జీవితాంతం తెల్లకణాలలో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది.

1996లో ఫ్రెంచి వైద్యులు పలు మందుల వల్ల వచ్చే ఈ రకపు జ్వరాలను ఒకే గొడుగు క్రిందికి తెచ్చి డ్రెస్ అనే పేరు పెట్టారు. దద్దుర్లు, ఇయోసినోఫిల్ కణాల పెరుగుదల, అవయవాలకు హాని దాని ముఖ్య లక్షణాలు. 1997లో ఫ్రాన్సులోను, 1998లో జపానులో రెండు వేరు వేరు బృందాలలోను వైద్యులు ఇటువంటి రోగుల రక్తంలో ఆరవ హెర్పీస్ వైరస్ మేల్కొని వృద్ధి చెందుతున్నదని ప్రకటించారు. ఉజువాకోలిలో చూచిన పోలిక ఒట్టి పోలిక కాకపోవచ్చునని అప్పుడు తోచింది. గ్రంథుల జ్వరం తెచ్చేది ఒక హెర్పీస్ వైరస్. ఈ మందు జ్వరంలో లేచేవి దాని సోదరులు, కొన్నిసార్లు అదే వైరస్.

ఇది జరిగే క్రమం గమనించదగినది. దద్దుర్లు మొదలైన రెండు మూడు వారాలకు, అంటే మందు ఆపి రోగి కోలుకుంటున్నాడనుకున్న వేళకు, ఆరవ హెర్పీస్ వైరస్ రక్తంలో కనిపిస్తుంది. అప్పుడే జ్వరం తిరగబెడుతుంది, కాలేయం మళ్ళీ దెబ్బతింటుంది. మందు ఒంటిలోంచి పోయిన తర్వాత రోగం ఎందుకు రెండవసారి, మూడవసారి లేస్తున్నదన్న పాత చిక్కుకు ఇక్కడ కొంత సమాధానం దొరికింది. కొందరిలో గ్రంథుల జ్వరపు వైరస్, ఏడవ హెర్పీస్ వైరస్, సైటోమెగలో వైరస్ కూడా ఒకదాని వెనుక ఒకటి లేస్తాయి. చివరిది లేచినవారిలో ప్రేగులకు, ఊపిరితిత్తులకు ముప్పు అధికం. జపాను వైద్యులు ఈ రోగాన్ని నిర్ధారించే లక్షణాలలో ఆరవ వైరస్ మేల్కొనడాన్ని కూడా చేర్చారు. దీనిని తెచ్చే మందులుగా వారు ఎంచిన కొద్ది మందులలో మూర్ఛ మందులతో పాటు డాప్సోన్ ఉన్నది.

అయితే వైరస్ కారణమా, పర్యవసానమా? దీనిపై వాదం ముగియలేదు. 2010లో ఫ్రెంచి పరిశోధకులు 40 మంది డ్రెస్ రోగులను పరీక్షించి, నూటికి 76 మందిలో హెర్పీస్ వైరస్‌లు మేల్కొన్నాయనీ, రోగుల ఒంటిలో ఉద్రేకించిన టి-కణాలలో గణనీయమైన భాగం మందుపై గాక గ్రంథుల జ్వరపు వైరస్ పైననే దాడి చేస్తున్నాయనీ చూపారు. వారి దృష్టిలో అవయవాలను దెబ్బతీస్తున్నది చాలావరకు వైరస్ పై యుద్ధమే. మరికొందరి దృష్టిలో మందు వల్ల రక్షణ వ్యవస్థ చెదిరిన తర్వాత, కావలి లేని ఇంట్లోకి దొంగ వచ్చినట్లు, వైరస్ లేస్తుంది. చికిత్సకు ఇచ్చే స్టెరాయిడ్లు కూడా దానికి వీలు కల్పించవచ్చు. అట్లాగని స్టెరాయిడ్లను హఠాత్తుగా మానరాదు, మానితే రోగం తిరగబెడుతుంది. వైద్యుడు మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావలసి ఉంటుంది. మొదటి పని మాత్రం నిర్వివాదం: అనుమానం కలిగిన క్షణాన మందు ఆపాలి. ఆ రోగికి ఆ మందు మళ్ళీ ఎన్నడూ ఇవ్వరాదు.

నిద్రాణమైన వైరస్ అందరిలోనూ ఉన్నప్పుడు, డాప్సోన్ కొందరికే ఎందుకు పడదు? 2013లో చైనా శాస్త్రజ్ఞులు దీనికి ఒక జవాబు ఇచ్చారు. డాప్సోన్ సిండ్రోమ్ వచ్చిన కుష్ఠు రోగులలో తెల్లకణాల మీది ఒక జన్యు గుర్తు, హెచ్‌ఎల్‌ఎ-బి 13:01 అనేది, అసాధారణంగా అధికంగా కనిపించింది. అప్పటి లెక్కల ప్రకారం డాప్సోన్ తీసుకునేవారిలో నూటికి 0.5 నుండి 3.6 మంది వరకు ఈ రోగం వస్తుంది, వచ్చినవారిలో పదింట ఒకరు చనిపోతారు. 2019లో ప్రకటించిన మరో పరిశీలనలో ఈ గుర్తు లేనివారికి మాత్రమే డాప్సోన్ ఇచ్చారు. వేయికి పైగా రోగులలో ఒక్కరికైనా ఈ రోగం రాలేదు. థాయిలాండులోను, ఇండోనేషియాలోని పాపువాలోను ఇదే సంబంధం కనిపించింది. ప్రపంచంలో కొత్త కుష్ఠు రోగుల సంఖ్యలో మొదటి మూడు దేశాలు భారత్, బ్రెజిల్, ఇండోనేషియా. భారతీయులలో ఈ గుర్తు ప్రాంతాన్ని బట్టి నూటికి ఒకరి నుండి 12 మంది వరకు ఉన్నదని అంచనా.

ఫిఖహ్ గ్రంథాలలో వైద్యుని బాధ్యతపై విస్తృతమైన చర్చ ఉన్నది. విద్య తెలియక వైద్యానికి పూనుకొని హాని చేసినవాడు పరిహారానికి బాధ్యుడు. విద్య తెలిసి, అనుమతి పొంది, తగిన జాగ్రత్త వహించినవాడు బాధ్యుడు కాడు. ఉజువాకోలి వైద్యులను ఈ కొలతతో చూస్తే, వారికి ముందుగా తెలుసుకొనే మార్గమే లేదు. తమకు తెలిసినదానిని దాచకుండా ప్రకటించారు. 2013 తర్వాత పరిస్థితి వేరు. ఏది 'తగిన జాగ్రత్త' అన్న ప్రశ్న తిరిగి లేచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సలో డాప్సోన్ రోజువారీ మాత్ర. అది పేదవాని చేతికి ఉచితంగా అందుతుంది. జన్యు పరీక్ష ఖరీదు ఆ మాత్రల ఖరీదు కంటే ఎక్కువ. పరీక్ష కోసం చికిత్స ఆలస్యమైతే చేతులు, కాళ్ళు మొద్దుబారవచ్చు. పరీక్ష లేకుండా ఇస్తే ఐదవ వారం ప్రమాదం. పరీక్షకు వీలు లేనిచోట కనీసం మొదటి రెండు నెలలు జ్వరం, దద్దుర్లు, కళ్ళు పచ్చబడడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని రోగికి అతని భాషలో చెప్పడం ఖర్చు లేని పని. ఇది చెప్పని చోట ఖర్చును సాకుగా చూపడం చెల్లదు.

ఒక చిక్కు ఇంకా మిగిలి ఉన్నది. హెచ్‌ఎల్‌ఎ-బి 13:01 గుర్తు ఆఫ్రికా ప్రజలలో దాదాపు కనిపించదు. అయినా ఈ రోగాన్ని మొట్టమొదట వర్ణించినది నైజీరియాలోనే. ఉజువాకోలి రోగులలో ఆ ద్వారం తెరిచినది మరో జన్యు గుర్తు కావచ్చు, ఆనాటి ఎక్కువ మోతాదులు కావచ్చు. వారి రక్తంలో అప్పుడు లేచిన వైరస్ ఏది అన్నది కూడా తేలే ప్రశ్న కాదు. 1949లో ఆ వైరస్‌లను వెదకే పరీక్ష లేదు, వాటికి పేర్లు కూడా లేవు. మిగిలినది రోగి ఒంటి మీది దద్దుర్లు, మెడలోని బిళ్ళలు, జ్వరం వచ్చిన వారం, వాటి ప్రక్కన వైద్యుడు వ్రాసిన ఒక్క పోలిక.